ఎడారిలో అక్షరాభ్యాసము

శ్రీకాకుళము జిల్లాకు ఉత్తరపు కొసన, మహేంద్రగిరికిని సముద్రమునకును నడుమ, ఉద్దానమను పచ్చని సీమ కలదు. ఉద్యానమను మాటయే వాడుకలో ఉద్దానమైనదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములందు ఎటు చూచినను కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే. కొబ్బరిచెట్టు ఇంటికి పెద్దకొడుకు వంటిదని అచ్చటి రైతుల నమ్మకము. కన్నకొడుకు మరచినను చెట్టు మరువదనియు, ఏటేట కాయలిచ్చి ముసలితనమున అన్నము పెట్టుననియు వారందురు.

2018 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీ తెల్లవారుజామున తిత్లీ యను తుఫాను పలాస సమీపమున తీరమును దాటెను. గంటకు 140 కిలోమీటర్లకు మించిన వేగముతో వీచిన గాలికి, రెండు తరములవారు పెంచిన చెట్లు కొన్ని గడియలలో నేలకూలెను. కవిటికి చేరువనున్న యొక పల్లెలో ఒక చిన్న రైతునకు ఎకరమున్నర తోట యుండెను. వాన వెలిసిన పిదప ఆ రైతు తోటలోనికి పోయి చూచి, మాటాడక తిరిగివచ్చి అరుగుపై కూర్చుండెను. క్రొత్త మొక్క నాటినచో అది కాపునకు వచ్చుటకు ఆరేడేండ్లు పట్టును. ఇంటిలో ముసలి తల్లి, భార్య, ఇరువదియొక్క ఏండ్ల కుమారుడు, ఏడవ తరగతి చదువుచున్న కుమార్తె కలరు. అప్పు అంతకుముందే యున్నది.

కుమారుడు తొమ్మిదవ తరగతిలోనే బడి మానివేసి, పలాసలో ఒక వర్కుషాపున వెల్డింగు పని నేర్చుకొనెను. చేయి నేర్పుగలది. రెండు ఇనుప ముక్కలను అతుకు కనబడకుండ కలుపగలడు. ఊరిలో పలువురు యువకులు అప్పటికే గల్ఫు దేశములకు పోయి పనిచేయుచుండిరి. తానును పోయి అప్పు తీర్చెదనని అతడు తండ్రితో చెప్పెను. తండ్రి ఔననలేదు, కాదనలేదు. నాయనమ్మ మాత్రము మనుమని దగ్గరకు పిలిచి కూర్చుండబెట్టుకొనెను.

ఆ తీరమునకు వలస క్రొత్తది కాదు. బర్మా ఆంగ్లేయుల యేలుబడిలో నున్న కాలమున శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల నుండి వేలకొలది జనులు బారువ, కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో పొగయోడలెక్కి రంగూను పోయెడివారు. అచ్చట రేవులో బస్తాలు మోసియు, బియ్యపు మిల్లులలో పనిచేసియు ఇంటికి డబ్బు పంపెడివారు. ఆ నగరమును పల్లెవారు రంగమందురు. 1941 డిసెంబరు 23 న జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. మరుసటి సంవత్సరము మార్చిలో ఆ నగరము జపానువారి వశమయ్యెను. లక్షలకొలది భారతీయులు దొరకిన దారిని పట్టి స్వదేశమునకు మరలిరి. అడవులలోను కొండలలోను నడువలేక కూలిపోయినవారెందరో కలరు. నాయనమ్మ తండ్రి ఆ నడకలో బ్రదికి వచ్చినవాడు.

“మా అయ్య పదునెనిమిది ఏండ్లు రంగములో నుండెను. ఆ దేశపు మాటలు పదునెనిమిదియైనను నేర్వలేదు. పారిపోవు దినమున దారి యడుగుటకైనను నోరు లేకపోయెనని చచ్చువరకు చెప్పుకొని యేడ్చెడివాడు. నీవు పోదువేని పొమ్ము, నాయనా! అయితే ముందు నోరు సంపాదించుకొనుము. డబ్బు తరువాత,” అని ఆమె చెప్పెను. మనుమడు నవ్వి ఊరకుండెను. ఇనుము అతుకువానికి నోటితో పనియేమని అతని తలంపు.

1983 నాటి వలస చట్టము ననుసరించి, పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు గల్ఫు మొదలగు కొన్ని దేశములకు పనికి పోవలెనన్న ముందుగా ప్రభుత్వపు వలస అనుమతి పొందవలసియుండెను. చదువు చాలనివాడు పరదేశమున మోసపోకుండుటకై పెట్టిన కట్టుబాటది. ఏజెంటు ముప్పదివేల రూపాయలును, దానిపై పన్నును మించి తీసికొనరాదనియు నిబంధన యుండెను. ఈ యువకుడు ఆశ్రయించిన ఏజెంటు అంతకు రెండింతలు పుచ్చుకొనెను. తల్లి మెడలోని పుస్తెలు తప్ప తక్కిన బంగారమంతయు కుదువకు పోయెను. ఏజెంటు ఒక పత్రము నతని ముందుంచి, సంతకము చేయవలసిన చోట వ్రేలు చూపెను. పత్రమునకు ఒక ప్రక్క ఆంగ్లము, ఒక ప్రక్క అరబ్బీ.

“ఇందేమి వ్రాసియున్నది?” అని యువకుడడిగెను.

“అందరికి నుండునదే. వెల్డరు పని, మంచి జీతము. త్వరగా సంతకము పెట్టుము. నీ వెనుక పదిమంది నిలిచియున్నారు,” అని ఏజెంటు పలికెను. యువకుడు సంతకము పెట్టెను.

2019 మార్చి నెలలో అతడు ముంబయి మీదుగా సౌదీ అరేబియాలోని దమ్మాము చేరి, అటనుండి జుబైలు పట్టణమునకు పోయెను. దమ్మాము చెంత 1938 లో ఏడవ బావి త్రవ్వినపుడు సమృద్ధిగా చమురు పడెను. నాటినుండి ఆ దేశపు చరిత్రయే మారిపోయెను. జుబైలు పూర్వము చేపలు పట్టువారును, ముత్యములకై సముద్రమున మునుగువారును నివసించిన చిన్న ఊరు. 1975 నుండి అచ్చట గొప్ప పారిశ్రామిక నగరము వెలసెను. ఎటు చూచినను ఆకాశము నంటు గొట్టములు, ఉక్కు గోపురములు, రేయింబవళ్లు మండు మంటలు. చెట్టు కనబడుటయే యరుదు.

మొదటి వేకువను యువకుడు క్యాంపు మిద్దెయెక్కి చూచెను. సూర్యుడు సముద్రములోనుండి ఉదయించుచుండెను. జుబైలు అరేబియాకు తూర్పు తీరమున నుండుటచే, కవిటి తీరమునందువలెనే అచ్చటను పొద్దు నీటిలోనుండియే పొడుచును. అది చూచి అతని మనసు కొంత కుదుటపడెను. ఆ దేశపు గడియారము మన గడియారమునకు రెండున్నర గంటలు వెనుక. తానిప్పుడు చూచుచున్న సూర్యుని తన తల్లి ఎప్పుడో చూచి, కళ్లాపి చల్లి, పనిలో పడియుండునని తలచుకొనెను.

ఆ కుదురు ఎంతోసేపు నిలువలేదు. పనిస్థలమునకు పోవుటకు 50 వ సంఖ్య గల బస్సెక్కవలెనని అతనికి చెప్పిరి. అతడు బాట ప్రక్క నిలిచి 50 కొరకు ఎదురుచూచెను. ఒక బస్సు వచ్చి నిలిచెను. దానిపై గుండ్రని సున్న, దాని ప్రక్క చుక్క మాత్రమే కనబడెను. ఇది సంఖ్య లేని బస్సని అతడు ఎక్కలేదు. బస్సు పోయెను. తరువాత మరి యే బస్సును రాలేదు. ఆ దినపు కూలి పోయెను.

సాయంకాలము అతడు దిగులుతో కూర్చుండగా, క్యాంపులో నున్న ఒక పెద్దాయన సంగతి విని కడుపార నవ్వెను. ఆయనది విజయనగరము జిల్లాలో బొబ్బిలి దగ్గరి పల్లె. ఆ దేశము వచ్చి ఇరువదియేండ్లయ్యెను.

“తమ్ముడూ! నీవు సున్న యనుకొన్నది వారి అయిదు. వారి సున్న వట్టి చుక్క. నీ యెదుటకు వచ్చినది 50 యే! ఇందులో విడ్డూరమేమన, అరబ్బులు ఆ యంకెలను హిందూ అంకెలనియే పిలుతురు. అవి మన దేశమునుండి పోయినవే. తొమ్మిదవ శతాబ్దమున బాగ్దాదులోని అల్ ఖ్వారిజ్మీ యను పండితుడు ఈ లెక్కల పద్ధతిని వివరించి గ్రంథము వ్రాసెను. ఐరోపావారు వానిని అరబ్బుల వద్ద నేర్చుకొని అరబ్బీ అంకెలనిరి. శూన్యమునకు వారు సిఫ్ర్ అందురు. ఆ మాటకును ఖాళీయనియే యర్థము. మన తాతల సొత్తు మన యెదుటకు వచ్చి నిలిచినను, వేషము మారుటచే నీవు గుర్తింపవైతివి,” అని ఆయన చెప్పెను.

యువకునకు నవ్వును, సిగ్గును ఒక్కమారే కలిగెను. “అన్నా, నాకీ భాష వచ్చునా?” అని అడిగెను.

“సగము వచ్చియే యున్నది. నీవు కూర్చున్నదేమి?”

“కుర్చీ.”

“వారును కుర్సీ యనియే యందురు. నీ జేబులోని కలము వారికి కలమ్. మన దుకాణము వారి దుక్కాన్. జవాబు, తారీఖు, ఖాళీ, హక్కు, వకీలు, అసలు, వసూలు, ఇవి యన్నియు అరబ్బీ మాటలే. నవాబుల కాలమున పారసీకముతో కలిసి మన కచ్చేరీలలోనికి వచ్చి, పొలములలోనికి దిగి, తెలుగు మాటలైనవి. రైతు అను మాటయు అట్లు వచ్చినదే. బడిలో హాజరుపట్టిక యుండెను గదా! ఇచ్చట పెద్దలు పని చెప్పినపుడు హాదిర్ అనుము. సిద్ధముగా నున్నానని యర్థము. అదే మన హాజరు.”

ఆ రాత్రి యువకునకు నాయనమ్మ మాట జ్ఞప్తికి వచ్చెను. పెట్టెలో దాచిన ఒప్పంద పత్రమును తెచ్చి పెద్దాయన చేతికిచ్చెను. ఆయన అద్దములు పెట్టుకొని చదివి, కొంతసేపు మాటాడలేదు.

“ఇందు నీ పని ఆమిల్ అని వ్రాసియున్నది. అనగా కూలి. వెల్డరును లహ్హామ్ అందురు. ఆ మాట ఇందెచ్చటను లేదు. జీతమును కూలివాని జీతమే. నీవు సంతకము పెట్టితివి. ఈ దేశపు చట్టమున అరబ్బీలో వ్రాసినదే ప్రమాణము,” అని మెల్లగా చెప్పెను.

యువకుని కన్నుల నీరు తిరిగెను. నోట చెప్పినది వేరు, పత్రమున వ్రాసినది వేరు. కుదువపెట్టిన బంగారము, అరుగుపై కూర్చున్న తండ్రి, అందరును అతని కన్నులకు కట్టిరి. ఎచ్చటికైన పారిపోయి దొంగచాటుగా పని చేయుదునా యని కూడ అతడు తలచెను. పెద్దాయన ఆ తలంపును కనిపెట్టి వారించెను. “పారిపోయినవానికి ఇచ్చట నిలువ నీడ లేదు. జబ్బు చేసినను ఆసుపత్రికి పోజాలడు, తల్లి పోయినను ఇంటికి పోజాలడు. రెండేండ్లు ఓర్చుకొనుము. నీ చేతిపనిని వారికి చూపుము. ఈలోగా చదువ నేర్చుకొనుము. రెండవ పత్రమును నీవే చదువుదువుగాక!”

నాటినుండి అతని నిజమైన ప్రవాసము మొదలయ్యెను. మే నెలలో రంజాను మాసము వచ్చెను. పగటివేళ జనులు ఆహారమును నీటిని ముట్టరు. ఇతర మతములవారును బహిరంగముగా తినుట, త్రాగుట అచ్చట తగదు. యువకుడు తన గదిలో చాటుననే భుజించి, బయట దప్పియైనను ఓర్చుకొనెను. కార్తిక సోమవారములందు తన తల్లి నక్షత్రదర్శనము వరకు ఉపవసించుట అతడు చిన్ననాటినుండి ఎరుగును. కనుక ఆ నియమము అతనికి వింతగా తోపలేదు. సూర్యాస్తమయము కాగానే మసీదు చెంత పరచిన చాపలపై ఖర్జూరములు, నీరు, అన్నము పెట్టెడివారు. నీ మతమేమని ఎవ్వరును అడుగలేదు. ప్రక్కనున్న వృద్ధుడొకడు మూడు ఖర్జూరములు తీసి అతని అరచేతిలో నుంచెను. ఆ వృద్ధుని పేరును ఇతడెరుగడు, ఇతని ఊరును ఆయన యెరుగడు.

మర్యాదలును ఒక్కొక్కటిగా తెలియవచ్చెను. ఎదుటివారిని కలసినపుడు “అస్సలాము అలైకుమ్” అని ముందుగా పలుకవలెను. మీకు శాంతి కలుగుగాక యని దాని భావము. ఇచ్చుటయు పుచ్చుకొనుటయు కుడిచేతితోనే. అది మనవారికి క్రొత్త కాదు. ఒకనాడు ఫోర్‌మను తన గదికి పిలిచి, చిన్న గిన్నెలో ఏలకుల వాసనగల కాఫీ పోసెను. త్రాగినకొలది మరల పోయుచుండెను. కాదనుట తప్పేమోయని యువకుడు ఆరు గిన్నెలు త్రాగెను. ఆ రాత్రి నిదుర పట్టలేదు. చాలుననుటకు గిన్నెను కొంచెము కదిపి యిచ్చిన చాలునని మరునాడు తెలిసెను. తెలియని చోట సిగ్గుపడుటకన్న అడుగుట మేలని అతడు నేర్చుకొన్న పాఠమది.

వేసవి వచ్చెను. ఎండ 45 డిగ్రీలు దాటెను. ఉక్కు పలకను తాకిన చేయి కాలును. జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12 గంటలు మొదలు 3 గంటల వరకు ఎండలో ఎవరిచేతను పని చేయింపరాదని ఆ ప్రభుత్వము శాసించియున్నది. తోడి పనివారు ఆ మూడు గంటలు నీడలో నిదురించెడివారు. యువకుడు మాత్రము వాడి విడిచిన ఉక్కు పలక యొకటి ఒడిలో పెట్టుకొని, గుర్తులు పెట్టుకొను సుద్దముక్కతో అక్షరములు దిద్దెడివాడు. అరబ్బీ అక్షరములు ఇరువదియెనిమిది. కుడినుండి ఎడమకు వ్రాయవలెను. ఒకే యక్షరము మాట మొదట ఒక రూపమున, నడుమ ఒక రూపమున, చివర ఒక రూపమున నుండును. చిన్ననాడు పలక విసరివేసి బడి మానినవాడు, ఇరువదిరెండేండ్ల వయసున ఎడారిలో మరల పలక పట్టెను. ఫోర్‌మను ఒకనాడు చూచి, ఏమియు అనక, సుద్ద పుచ్చుకొని ఒక యక్షరపు వంపును సరిదిద్ది పోయెను.

అతడు తనదైన దేనిని విడిచిపెట్టలేదు. శుక్రవారము సెలవునాడు పెద్దాయనతో కలసి, ఊరినుండి తెచ్చుకొన్న చోడిపిండితో అంబలి కాచుకొనెడివాడు. తక్కిన దినములందు ఖుబూసు రొట్టెకు అలవాటుపడెను. విజయనగరమున పైడితల్లి అమ్మవారి సిరిమాను ఉత్సవము జరుగు దినమున పెద్దాయన పని చేయుచునే ఆ సంబరమును కన్నులకు కట్టునట్లు చెప్పెడివాడు. ఇద్దరును తమ దైవమును మనసులోనే తలచుకొనెడివారు. కొబ్బరిమొక్కను నాటు రైతునకు ఒక సంగతి తెలియును. మొలక తన కాయను విడువదు. క్రొత్త నేలలో వేరు తన్నుకొను వరకు ఆ కాయలోని సత్తువయే దానికి ఆహారము. కాయను తెంపినచో మొక్క వాడిపోవును. కాయనే పట్టుకొని వేరు తన్నకున్నను మొక్క నిలువదు. పరదేశమున మనుష్యుని బ్రదుకును అట్టిదే.

2020 లో కరోనా వ్యాధి లోకమంతట వ్యాపించెను. విమానములు ఆగిపోయెను. క్యాంపులో గదులు దాటరాదనిరి. ప్రభుత్వము వారి ప్రకటనలు ఫోనునకు అరబ్బీలో వచ్చుచుండగా, యువకుడు వానిని కూడబలుకుకొని చదివి, తెలుగువారికిని ఒడియావారికిని చెప్పెడివాడు. నోరు లేక దారి తప్పిన ముత్తాతకు మునిమనుమడు ఇప్పుడు పదిమందికి నోరయ్యెను.

2021 మార్చిలో అతని ఒప్పందము ముగిసెను. ఆ నెల 14 నుండియే ఆ దేశమున క్రొత్త నిబంధనలు అమలునకు వచ్చెను. ఒప్పందము ముగిసిన పనివాడు యజమాని సమ్మతి లేకయే వేరొకచోట కుదురుకొను వీలు వానివలన కలిగెను. యువకుడు కార్యాలయమునకు పోయి, అరబ్బీలోనే నెమ్మదిగా తన మనవి చెప్పుకొనెను. “నేను ఆమిల్ కాను, లహ్హామ్‌ను. నా పని చూచి నిర్ణయింపుడు. వెల్డరునని వ్రాసినచో ఇచ్చటనే యుందును. లేనిచో సెలవిండు.” వారు పరీక్ష పెట్టిరి. అతడు అతికిన గొట్టమును నీటి ఒత్తిడితో పరీక్షించిరి. చుక్కయైనను కారలేదు.

క్రొత్త పత్రము వచ్చెను. కార్యాలయపు ఉద్యోగి కలము చేతికిచ్చి, సంతకము చేయవలసిన చోట వ్రేలు చూపెను. యువకుడు కలమును బల్లపై పెట్టి, పత్రము చేతికి తీసికొని, మొదటి పంక్తినుండి వ్రేలుంచి చదువసాగెను. ఉద్యోగి వింతగా చూచి, కుర్చీ చూపి, టీ తెప్పించెను. పని యున్నచోట లహ్హామ్ అనియు, జీతమున్నచోట చెప్పిన యంకెయే యనియు చూచుకొని, అయిదునకును సున్నకును భేదము నెమ్మదిగా పరికించి, అప్పుడు యువకుడు సంతకము చేసెను. పోయిన రెండేండ్ల జీతపు తరుగు మాత్రము మరల రాలేదు. చదువక పెట్టిన మొదటి సంతకమునకు అతడు చెల్లించిన మూల్యమది.

ఆ నెలలోనే తల్లి ఫోనులో మాటాడుచు, చెల్లెలిని తొమ్మిదవ తరగతితో మాన్పింపదలచితిమని చెప్పెను. ఎన్నడును తల్లికి ఎదురు చెప్పనివాడు ఆనాడు చెప్పెను. “అమ్మా! నేను తొమ్మిదవ తరగతిలో మానిన చదువునకు ఎంత అప్పు తీర్చితినో నీకు తెలియదు. దానిని పదవ తరగతి చదివింపుము. పిమ్మట కళాశాలకు పంపుము. దాని పత్రము అదియే చదువుకొనవలెను.” చెల్లెలు 2022 లో పదవ తరగతి ఉత్తీర్ణురాలయ్యెను.

ఆ యేడే అతడు సెలవుపై ఊరికి వచ్చెను. తండ్రి నాటిన మొక్కలు అప్పటికి మనిషి యెత్తును దాటియుండెను. కాపునకు ఇంకను కొన్నియేండ్లున్నవి. అప్పు తీరెను, బంగారము ఇల్లు చేరెను. నాయనమ్మ చూపు మందగించెను. మనుమని ముఖము తడిమి, “నోరు సంపాదించితివా, నాయనా?” అని అడిగెను. అతడామె అరచేతిలో వ్రేలితో కుడినుండి ఎడమకు ఏదో వ్రాసెను. అది ఆమె పేరు.

మరునాటి ఉదయము పొరుగు యువకులిద్దరు ఒప్పంద పత్రములు పట్టుకొని వచ్చి, “అన్నా, సంతకము పెట్టవచ్చునా? నీవు చూచి చెప్పుము,” అనిరి. అతడు వారిని అరుగుపై కూర్చుండబెట్టి, పత్రములను వారి చేతికే తిరిగి యిచ్చి యిట్లనెను:

“ముందు మీరు చదువుడు. ఎచ్చట ఆగుదురో అచ్చట నేను చెప్పెదను.”